తమ్ముడికి తగ్గించిన చుక్కలు అమ్మకు ఎందుకు పనిచేయవు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తమ్ముడు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాడు. నల్లగుడ్డు అంచు మీదికి సన్నటి ఎర్ర నరాలు పాకాయి. లెన్సులు మాన్పించి చుక్కల మందు రాశారు, ఆరు వారాల్లో ఎరుపు పోయింది. అమ్మగారికి 16 ఏళ్ళుగా షుగర్. కంటి లోపల కొత్త రక్తనాళాలు పుట్టాయి, ఇంజెక్షన్, లేజర్ చేయాలి అన్నారు. కంట్లో సూది అనగానే ఆవిడ భయపడుతున్నారు. తమ్ముడి సీసాలో మందు సగం మిగిలే ఉంది కదా, అదే వేసి చూడొచ్చా? సూది లేకుండా చుక్కలతోనే తగ్గించే కొత్త మందులు వచ్చాయంటున్నారు, నిజమేనా?

వేయకండి. ఆ సీసాను ఈ రోజే పారేయండి. మూత తీసిన చుక్కల సీసా మామూలుగా నాలుగు వారాలకు మించి వాడకూడదు, అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. లెన్సుల వల్ల పాకిన నరాలకు సాధారణంగా రాసేది స్టెరాయిడ్ చుక్కలు: లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్, ప్రెడ్నిసొలోన్, వీటిలో ఏదో ఒకటి. అమ్మగారి జబ్బు ఉన్న చోటికి ఆ మందు సరిపడా చేరదు. చేరకపోగా కంట్లో ఒత్తిడి పెంచే ప్రమాదం ఉంది, షుగర్ ఉన్నవాళ్ళలో ఆ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. పైగా ఆ ఒత్తిడి లోపల నిశ్శబ్దంగా పెరుగుతుంది, నొప్పి కూడా తెలియదు.

ఇద్దరికీ డాక్టర్ చెప్పిన మాట ఒకటే, 'కొత్త రక్తనాళాలు'. కానీ అవి పుట్టిన చోట్లు వేరు. కంటిని ముందు నుంచి వెనక్కి చూసుకుంటూ పోతే మొదట కార్నియా, అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొర. దాని వెనక ఐరిస్, మనకు నల్లగానో గోధుమరంగుగానో కనిపించే భాగం. ఆ వెనక కంటికి పుట్టుకతో ఉండే లెన్సు, తర్వాత కంటి గుడ్డునంతా నింపే జెల్లీ, చిట్టచివర రెటీనా, అంటే వెలుతురును పట్టి చూపునిచ్చే పొర, దాని కింద దానికి రక్తం అందించే పొర కోరాయిడ్. కొత్త నరాలు ఈ నాలుగు చోట్లా పుట్టగలవు: కార్నియా మీద, ఐరిస్ మీద, రెటీనా మీద, కోరాయిడ్ నుంచి రెటీనా కిందికి. తమ్ముడివి మొదటి చోట. అమ్మగారివి మూడో చోట, బహుశా రెండో చోట కూడా. చుక్కల మందు నరాల మీద నేరుగా పనిచేయగలిగేది మొదటి చోట మాత్రమే.

ఎందుకో లెక్క చూడండి. సీసా నుంచి పడే ఒక చుక్క దాదాపు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంట్లో ఎప్పుడూ ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లు. రెప్పల మధ్య జాగా కాసేపు పట్టుకోగలిగేది మహా అయితే 30. అంటే వేసిన మందులో కొంత వెంటనే చెంప మీదికి కారిపోతుంది, మిగిలినదాంట్లో చాలా భాగం ముక్కు వైపు మూల నుంచి గొట్టం గుండా గొంతులోకి దిగిపోతుంది. కొన్ని చుక్కలు వేసిన కాసేపటికి గొంతు చేదెక్కేది అందుకే. అసలు కంటి లోపలికి వెళ్ళేది ఐదు శాతం లోపే. ఆ కొంచెమూ ముందు గదిలోనే ఆగిపోతుంది, ఎందుకంటే కంటి లోపలి నీరు వెనక నుంచి ముందుకు పారుతుంది, మందు దానికి ఎదురీదాలి. మధ్యలో లెన్సు అడ్డం.

దీనికి మందు సైజు తోడవుతుంది. కొత్త నరాలను పెంచే రసాయనం వీఈజీఎఫ్. ఆక్సిజన్ చాలని కణజాలం దాన్ని విడుదల చేస్తుంది, పక్కనున్న రక్తనాళాలు ఆ వైపు కొమ్మలు వేస్తాయి. దాన్ని పట్టి ఆపే బెవాసిజుమాబ్ ఒక పూర్తి యాంటీబాడీ, బరువు 149 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు కొలత). రానిబిజుమాబ్ 48. కార్నియా పైపొర కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, ఇంత పెద్ద అణువులను అవి దాటనివ్వవు. పైపొర దెబ్బతిన్నచోట కొంత లోపలికి ఇంకుతుంది, అదీ కార్నియా మందం వరకే.

చిన్న అణువులతో ప్రయత్నాలు చాలా జరిగాయి. సొరచేప నుంచి మొదట వేరుచేసిన స్క్వాలమిన్ చుక్కలు వయసు వల్ల వచ్చే మాక్యులా (రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే చోటు) జబ్బులో చివరి దశ పరీక్షల దాకా వెళ్ళాయి, 2018లో ఫలితం రాక ఆగిపోయాయి. పాజోపనిబ్, రెగోరాఫెనిబ్, యాక్రిజనిబ్ క్యాన్సర్ మందుల తరహావి. జంతువుల కళ్ళలో బాగా పనిచేశాయి, మనుషుల్లో ఇంజెక్షన్‌కు సాటి రాలేదు. ఇందులో వింత లేదు. కుందేలు, ఎలుక కళ్ళు చిన్నవి, ముందు నుంచి వెనక్కి దూరం తక్కువ, కుందేలు రెప్ప కూడా చాలా అరుదుగా ఆర్పుతుంది. మనిషి కన్ను 24 మిల్లీమీటర్ల పొడవు. షుగర్ వల్ల మాక్యులాలో నీరు చేరినవాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన డెక్సామెథాసోన్ చుక్కలు మూడో దశ పరీక్షల దాకా వచ్చాయి. అవి వాపు కోసం, కొత్త నరాలను ఎండగట్టడానికి కాదు. కాబట్టి వాట్సాప్‌లో 'సూది అక్కర్లేదు, చుక్కలు చాలు' అని ఏ వీడియో వచ్చినా, ఏ నరాల గురించి చెబుతున్నారో చూడండి. రెటీనా నరాల గురించి అయితే నమ్మి ఇంజెక్షన్ ఆపకండి.

ఇప్పుడు అమ్మగారి ఫైలు తీయండి. డాక్టర్లు పొడి అక్షరాల్లో రాస్తారు. పీడీఆర్ అంటే షుగర్ వల్ల రెటీనాలో కొత్త నరాలు పుట్టే దశ. ఎన్‌వీడీ అంటే అవి చూపును మెదడుకు చేర్చే నరం (ఆప్టిక్ నర్వ్) మొదట్లో ఉన్నాయని, ఎన్‌వీఈ అంటే రెటీనాలో మరోచోట ఉన్నాయని. డీఎంఈ అంటే మాక్యులాలో నీరు. వీహెచ్ అని ఉంటే జెల్లీలోకి రక్తం కారిందని. ఎన్‌వీఐ అని ఉంటే ఐరిస్ మీదికి కూడా నరాలు వచ్చాయి. ఆ మూడక్షరాలు ఉన్నాయా లేవా అన్నది నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం. ఐరిస్ మూలలో కంటి నీరు బయటికి పోయే జల్లెడ ఉంటుంది, కొత్త నరాలు దాన్ని మూసేస్తాయి. అప్పుడు ఒత్తిడి 40, 50కి ఎగబాకుతుంది (మామూలుగా 10 నుంచి 21). కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు మొదలవుతాయి. ఈ ఎన్‌వీఐని కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయకముందే చూడాలి. చుక్కలు వేశాక ఐరిస్ ముడుచుకుపోయి సన్నటి నరాలు కనిపించకుండా పోతాయి. ఫైల్లో ఆ సంగతి ఏమీ రాయకపోతే వచ్చేసారి అడగండి.

ఈ స్థితిలో డాక్టర్లు చుక్కలు రాస్తారు, అక్కడే ఇంట్లోవాళ్ళు పొరబడతారు. టిమొలాల్, డోర్జొలమైడ్, బ్రిమొనిడిన్ ఒత్తిడి దింపడానికి. అట్రోపిన్ 1 శాతం నొప్పి తగ్గించి ఐరిస్‌ను కదలకుండా ఉంచడానికి. ప్రెడ్నిసొలోన్ లోపలి వాపు కోసం. ఇవన్నీ నరాలు చేసిన నష్టాన్ని సర్దుతాయి తప్ప నరాలను తీయవు. కన్ను తేలికపడింది కదా అని ఇంజెక్షన్ వాయిదా వేస్తే లోపల జల్లెడ శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఆస్తమా ఉన్నా, గుండె వేగం బాగా తక్కువ ఉన్నా టిమొలాల్ వేయక ముందే చెప్పండి, ఆ చుక్క ముక్కు, గొంతు లోపలి పొరల గుండా ఒంట్లోకి వెళ్ళి ఊపిరి ఆడకుండా చేయగలదు.

ఇంజెక్షన్, లేజర్, రెండూ ఎందుకంటున్నారంటే, ఇంజెక్షన్ త్వరగా పనిచేస్తుంది. ఐరిస్ నరాలు కొన్ని రోజుల్లోనే ముడుచుకుపోతాయి. కానీ దాని బలం నాలుగు నుంచి ఆరు వారాలే, తర్వాత మళ్ళీ వస్తాయి. లేజర్ నిదానం. రెటీనా అంచుల్లో ఆక్సిజన్ చాలక వీఈజీఎఫ్ విడుదల చేస్తున్న భాగాన్నే 1,200 నుంచి 1,600 చిన్న మచ్చలుగా కాల్చి శాంతింపజేస్తుంది. రెండు మూడు విడతల్లో చేస్తారు. 2015లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం, ప్రొటోకాల్ ఎస్, క్రమం తప్పకుండా వేస్తే ఇంజెక్షన్లు లేజర్‌కు తీసిపోవని చూపించింది. ఇక్కడ 'క్రమం తప్పకుండా' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఇంజెక్షన్లు మాత్రమే వేయించుకుని మధ్యలో మానేసినవాళ్ళ కళ్ళు, లేజర్ చేయించుకుని మానేసినవాళ్ళ కళ్ళ కంటే ఎక్కువ చెడిపోతాయి. అమ్మగారిని నెలనెలా తీసుకురాగలరా? పండగలు, ఊరి ప్రయాణాలు, మీ ఆఫీసు సెలవులు అన్నీ లెక్కేసుకుని డాక్టర్‌కు నిజం చెప్పండి. రాలేం అంటే లేజర్ పూర్తిగా చేయించడమే మేలు, నా అభిప్రాయం అదే.

సూది భయం పోవాలంటే ఏం జరుగుతుందో ఆవిడకు ముందే చెప్పాలి. మొదట మొద్దుబారే చుక్కలు వేస్తారు. తర్వాత 5 శాతం పొవిడోన్ అయోడిన్ కంట్లో వేసి కాసేపు ఆగుతారు. గోధుమరంగులో ఉండి కాస్త మండుతుంది, కానీ క్రిములను చంపే పని అదే చేస్తుంది, కాబట్టి వద్దనకండి. రెప్పలు మూసుకుపోకుండా చిన్న క్లిప్ పెడతారు. 30 గేజ్ సూది, అంటే ఇన్సులిన్ సూది అంత సన్నం. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు వెనక, తెల్లగుడ్డులో గుచ్చుతారు. మందు 0.05 మిల్లీలీటర్, అంటే ఒక్క చుక్క. గుచ్చడం కొన్ని సెకన్ల పని, సూది చూపుకు ఎదురుగా రాదు. తర్వాత తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక, కొన్ని రోజులు గాలిబుడగల్లాంటి మచ్చలు తేలడం మామూలే. రెండో రోజు నుంచి వారం లోపల నొప్పి పెరుగుతూ చూపు తగ్గుతూ ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. చాలా అరుదు, కొన్ని వేల ఇంజెక్షన్లలో ఒకటి. అయినా ఆ రోజే, అర్ధరాత్రైనా వెళ్ళాలి. కొన్ని రోజులు తల మీద నుంచి నీళ్ళు పోసుకోవద్దు, ట్యాంకు నీళ్ళు కంట్లో పడనివ్వద్దు. ఇంజెక్షన్ తర్వాత ఇచ్చే యాంటీబయాటిక్ చుక్కలు జాగ్రత్త కోసం, జబ్బుకు మందు అది కాదు. అవి అయిపోయాయి కదా అని చికిత్స అయిపోయిందనుకునేవాళ్ళు ఎక్కువ.

గుండెపోటు, పక్షవాతం ఈ మధ్య వచ్చి ఉంటే ముందే చెప్పండి. రెటీనా మీద పొరలు గట్టిపడి ఉంటే ఇంజెక్షన్ తర్వాత అవి ముడుచుకుంటూ రెటీనాను లాగేయవచ్చు, అందుకే అలాంటివాళ్ళకు ముందు ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకుని, దానికి కొద్ది రోజుల ముందు మాత్రమే వేస్తారు.

ఇక తమ్ముడి సంగతి. చుక్కల మందుకు నిజమైన పని ఇక్కడే ఉంది. కార్నియాలో మామూలుగా ఒక్క రక్తనాళం కూడా ఉండదు, అందుకే అది గాజులా ఉంటుంది. లెన్సు పెట్టుకుని నిద్రపోతే గాలి అందక అంచు నుంచి నరాలు లోపలికి పాకుతాయి. కారణం తీసేస్తే, అంటే లెన్సు మానేస్తే, వాటిలో రక్తం ఖాళీ అవుతుంది. నరం గొట్టం మాత్రం అలాగే ఉంటుంది. స్లిట్ ల్యాంప్‌లో, అంటే డాక్టర్ కన్ను పెద్దది చేసి చూసే యంత్రంలో, సన్నటి బూడిదరంగు గీతల్లా కనిపించే వీటిని 'ఘోస్ట్ వెసెల్స్' అంటారు. మళ్ళీ లెన్సు పెట్టి పడుకుంటే ఆ పాత గొట్టాల్లో రక్తం రోజుల్లోనే నిండుతుంది. కాబట్టి 'తేలిపోయాయి' అంటే పోయాయని కాదు. లెన్సులు మళ్ళీ మొదలుపెట్టేదుంటే గాలి బాగా అందనిచ్చే సిలికోన్ హైడ్రోజెల్ రకం, రోజూ పారేసేవి, పగలు మాత్రమే, అదీ డాక్టర్ చూశాకే.

అన్ని కార్నియా నరాలూ లెన్సువి కావు. హెర్పీస్ వైరస్ పుండు మానిన చోటికి నరాలు వస్తాయి. దానికి స్టెరాయిడ్ చుక్కలు వైరస్ మందుతో కలిపే వేయాలి, ఒంటరిగా వేస్తే పుండు తిరగబెడుతుంది. పొలంలో వరికంకో చెరుకాకో తగిలి బూజు పుండు పడ్డ కంటికి మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేస్తే కార్నియా కరిగిపోయి చిల్లు పడేదాకా పోతుంది. ఎండాకాలం కళ్ళు దురదలని పిల్లలకు అదే సీసా ఏడాదులపాటు వేసి, పదేళ్ళకే నీటికాసులు (గ్లాకోమా) తెచ్చిపెట్టిన కుటుంబాలు మన దగ్గర తక్కువేం లేవు. ఒకసారి రాసిన చీటీ మీద మళ్ళీమళ్ళీ మందు కొనకండి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో కంటి ఒత్తిడి చూపించుకోవాలి.

బెవాసిజుమాబ్‌ను చుక్కలుగా వాడేది కూడా కార్నియా మీదే. అలా వాడేందుకు కంపెనీ సీసాలో రాదు. 100 మిల్లీగ్రాముల క్యాన్సర్ వయల్‌లో 4 మిల్లీలీటర్లు ఉంటుంది, ఆస్పత్రి ఫార్మసీలో శుభ్రమైన హుడ్ కింద సెలైన్ కలిపి 10 మిల్లీలీటర్లు చేస్తే 1 శాతం చుక్కలవుతాయి. రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు, కొన్ని వారాలు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టించకూడదు, గట్టిగా ఊపకూడదు, నిల్వ కూడా కొద్ది రోజులే. కొత్తగా పుట్టిన నరాల మీద బాగా పనిచేస్తుంది. పాతబడిన నరాల చుట్టూ పెరిసైట్లు అనే కణాలు తొడుగులా కట్టుకుంటాయి, అప్పుడు వాటికి వీఈజీఎఫ్‌తో పని ఉండదు, మందూ పనిచేయదు. అలాంటి వాటిని సన్నటి సూదితో కరెంటు పెట్టి మాడుస్తారు, లేదా లేజర్. రెండో నెల దాటాక పైపొర పలచబడి పుండు పడే అవకాశం పెరుగుతుంది, అందుకే మధ్య మధ్య రంగు వేసి చూస్తారు. పైపొర ఇప్పటికే ఊడి ఉంటే మొదలుపెట్టరు. కార్నియా మార్పిడి చేయించుకోబోయేవాళ్ళకు ఇది చాలా అవసరమైన విషయం, ఎందుకంటే నాలుగు వైపుల్లో రెండు, అంతకు మించి వైపుల నుంచి నరాలు పాకి ఉంటే కొత్త కార్నియాను ఒళ్ళు తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఒక చోట మాత్రం ఈ చుక్కల మీద డబ్బు పెట్టకండి: సున్నం పడి కాలిన కన్ను. పాన్‌డబ్బా దగ్గర అమ్మే చిన్న సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కితే అది చిట్లి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. వెంటనే కుళాయి కింద అరగంట కడగాలి, పైరెప్ప తిప్పి లోపల అంటుకున్న ముక్కలు తీయించాలి. నిమ్మరసం, పాలు, నెయ్యి ఏవీ వేయొద్దు. సున్నం నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను చంపేస్తుంది. అవి లేకపోతే తెల్లగుడ్డు పొర నరాలతో సహా నల్లగుడ్డును కప్పేస్తుంది. వీఈజీఎఫ్ ఆపితే చనిపోయిన మూలకణాలు తిరిగి రావు. దీనికి రెండో కంటి నుంచి చిన్న ముక్క తీసి అతికించే 'స్లెట్' అనే పద్ధతిని మన బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లే రూపొందించి 2012లో ప్రచురించారు. ఇప్పుడు వేరే దేశాల్లోనూ చేస్తున్నారు.

చుక్కలు ఎవరికి రాసినా వేసే పద్ధతి ఇది. చేతులు కడుక్కోండి. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ అయితే సీసా బాగా ఊపండి, మందు అడుగున పేరుకుంటుంది, ఊపకపోతే మొదటి వారం నీళ్ళు, చివరి వారం చిక్కటి మందు వేసినట్టవుతుంది. కింది రెప్ప లాగి ఒక్క చుక్క. రెండోది వేస్తే మొదటిదాన్ని తోసేస్తుంది. కన్ను మెల్లగా మూసి ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టండి. ఇంకో మందు ఉంటే ఐదు, పది నిమిషాలు ఆగి వేయండి, ఆయింట్‌మెంట్ ఆఖరున. సీసా మూతి రెప్పకు తాకనివ్వకండి. సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాసుకోండి.

ఎరుపు తగ్గించే చుక్కలు నరాలను కాసేపు ముడిచి తెల్లగా చూపిస్తాయి, మానగానే ఎరుపు రెట్టింపుగా వస్తుంది. నందివర్ధనం పువ్వులు మూసిన కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, పెట్టుకోండి. ఆ రసం పిండి కంట్లో పోయడం, తేనె, చనుబాలు వద్దు.

అమ్మగారి ఫైల్లో ఎన్‌వీఐ ఉంటే, లేదా కన్ను ఎర్రబడి నొప్పి ఉంటే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఖర్చు ఇబ్బంది అయితే మెహదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది. పాత ఫైలు, వాడుతున్న చుక్కల సీసాలన్నీ, మూడు నెలల షుగర్ రిపోర్టు, కిడ్నీ రిపోర్టు పట్టుకెళ్ళండి. రంగు ఇంజెక్షన్ ఇచ్చి ఫొటోలు తీస్తే మర్నాటి దాకా మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, ఆవిడ కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.